థైరాయిడు గ్రంథి - నేతపనివారి ఆరోగ్యము

మగ్గము మీద కూర్చొనువారిలో ఒకరి చేయి నానాటికి మందగించినచో మన ఇండ్లలో వెంటనే వచ్చెడి మాట బద్ధకము. నెలకు ఇన్ని చీరలని నేసిన మనిషి అందులో సగము నేయలేకపోవుట, పగలే కునుకు పట్టుట, ఒళ్లు బరువెక్కుట, మొగము ఉబ్బుట, ఎండకాలమున సైతము చలి యనుట, మలబద్ధకము, గొంతు బొంగురుపోవుట - ఇవి విడివిడిగా చూచిన చిన్నవే. స్త్రీలయందైతే కండెలు చుట్టుటలో వెనుకబడినదని ఇంటివారు, సరుకు తగ్గినదని సావుకారు, ఇరువురును నిందింతురు. ఇవన్నియు ఒక్క మనిషిలో కూడినపుడు అది స్వభావ దోషము గాక, గొంతులోని చిన్న గ్రంథి దోషము కావచ్చునని మన సోదర సోదరీమణులకు తెలుపుటకే ఈ వ్యాసము.

మెడ ముందు భాగమున, గొంతుముడికి కొంచెము దిగువను, శ్వాసనాళమును అంటిపెట్టుకొని సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లుండు ఈ గ్రంథికి థైరాయిడు అని పేరు. పెద్దవారిలో దీని బరువు సుమారు 20 గ్రాములు. ఉమ్మిని స్రవించు గ్రంథులకు నాళములు కలవు, దీనికి లేవు. తాను చేసిన రసమును నేరుగా నెత్తురులోనికి వదలును. అట్టి రసములకే హార్మోనులందురు. ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు స్టార్లింగు 1905లో ఈ పేరును వాడుకలోనికి తెచ్చెను. థైరాయిడు హార్మోను పని యేమనగా, దేహములోని కణములు ఎంత వేగముతో ఇంధనమును ఖర్చు చేయవలెనో నిర్ణయించుట. అది హెచ్చైనచో గుండెదడ, చెమట, తిన్నను చిక్కిపోవుట, చేతివణుకు కలుగును. వణికెడి వ్రేళ్లతో తెగిన పోగును ముడివేయుట యెట్టిదో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. తక్కువైనచో పైన చెప్పిన మందగమనమంతయు వచ్చును. దానికి తోడు మణికట్టులోని నరము నొక్కుకొని, వ్రేళ్లు రాత్రులందు తిమ్మిరెక్కును. మగ్గపు పని వలన కూడ ఈ తిమ్మిరి రావచ్చును గనుక, పనిదోషమే యని ఊరకుందురు. రెండు చేతులకును తిమ్మిరి యుండి, దానితో చలియు, ఉబ్బును ఉన్నచో నెత్తురు పరీక్ష చేయించుట మంచిది.

ఈ గ్రంథి లేకున్న ఏమగునో వైద్యలోకమునకు తెలిసిన తీరు విచిత్రమైనది. స్విట్జర్లండులో కోచరు అను శస్త్రవైద్యుడు పెద్ద మెడవాపులను నేర్పుగా కోసి తీసివేయుచుండెను. గ్రంథిని పూర్తిగా తీసివేయబడిన రోగులు ఇంటికి పోయి కొంతకాలమునకు మందబుద్ధులై, ఉబ్బి, జడులైరి. అది చూచి ఆయన అట్టి శస్త్రచికిత్సను మానుకొనెను. ఈ గ్రంథిని గూర్చిన కృషికి ఆయనకు 1909లో నోబెలు బహుమతి లభించెను. 1891లో ఇంగ్లండులో ముర్రే అను డాక్టరు గొఱ్ఱె థైరాయిడు రసమును, ఆ గ్రంథి పనిచేయని ఒక స్త్రీకి సూదితో ఎక్కించగా ఆమె కోలుకొనెను. పిమ్మట నోటి ద్వారా ఆ మందును వాడుచు ఆమె మరి 28 ఏండ్లు జీవించెను. లోపించిన రసమును బయటినుండి యిచ్చినచో మనిషి మరల మనిషి యగునని అంతటితో తేలినది.

పరీక్ష చీటీని చూచి చాలమంది తికమకపడుదురు గాన ఒక సంగతి విప్పి చెప్పెదము. మెదడు క్రింద బఠాణిగింజంత పిట్యూటరీ గ్రంథి కలదు. అది థైరాయిడునకు పని పురమాయించుటకు టి.ఎస్.హెచ్. అను హార్మోనును పంపును. సావుకారుకు సరుకు సరిగా అందుచున్నంత కాలము చీటీలు తక్కువ. సరుకు రాకున్న చీటీ మీద చీటీ పంపును. అట్లే థైరాయిడు మందగించినపుడు టి.ఎస్.హెచ్. పెరుగును. అంకె పెద్దదిగా నున్నది గావున గ్రంథి ఎక్కువ పనిచేయుచున్నదని తలచుట పొరపాటు. అధికముగా పనిచేయు గ్రంథికి చీటీ అక్కరలేదు గనుక ఆ అంకె తగ్గిపోవును.

ఈ హార్మోనుకు ముడిసరుకు అయొడిను. పెద్దలకు దినమునకు 150 మైక్రోగ్రాములు చాలును. జీవితకాలమునకు మొత్తము ఒక చెంచాడు. అదియు దొరకకున్న గ్రంథి పెరిగి గళగండమగును. మన దేశమున దీనిని రుజువు చేసినవారిలో ముఖ్యులు శ్రీకాకుళములో 1921లో జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి. హిమాలయ పాదములందలి కాంగ్రా లోయలో 1956 నుండి ఆయనయు సహచరులును మూడు మండలములు ఏర్పరచి, రెంటికి అయొడిను కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును సరఫరా చేయించిరి. కొన్ని ఏండ్లలో మొదటి రెంటను గళగండము బాగుగా తగ్గెను, మూడవదానిలో తగ్గలేదు. పిమ్మట దానికిని అయొడిను ఉప్పునే ఇప్పించిరి. 1962లో కేంద్ర ప్రభుత్వము గళగండ నివారణ పథకమును ప్రారంభించెను.

సముద్రతీరమున నున్నవారము, సముద్రపు ఉప్పు తినుచున్నాము, మాకేమి భయము అని బరంపురము ప్రక్కనున్నవారును, యానామువారును అనుకొందురు. నీరు ఇగిరిన ఉప్పులో అయొడిను మిగులునది అత్యల్పము. అయొడిను కలిపినదే కొనవలెను; వాడుక చేరునాటికి కిలోకు 15 మిల్లీగ్రాములకు తక్కువ ఉండరాదని నియమము. రాళ్ల ఉప్పును కడిగి వాడు అలవాటు మనలో కొందరి కున్నది. అందులో అయొడిను కూడ కొట్టుకొనిపోవును. మూత గల డబ్బాలో, పొయ్యికి దూరముగ నుంచి, కూర దింపునపుడు వేయుట మేలు. ఇట్లు చెప్పితిమని ఉప్పు ఎక్కువ తినుట మాత్రము తగదు. రక్తపుపోటు గలవారు డాక్టరు చెప్పినంతే తినవలెను.

అయొడిను చాలినన్ని చోట్లను గ్రంథి మందగించుటకు నేడు ముఖ్య కారణము, దేహపు రక్షణ శక్తియే పొరబడి తన గ్రంథిని తాను చెఱచుకొనుట. జపాను వైద్యుడు హాషిమోటో దీనిని 1912లో వర్ణించెను. పురుషులకంటె స్త్రీలలో ఇది పలు రెట్లు హెచ్చు. గర్భిణి యందు ఉపేక్షించిన బిడ్డ మెదడు ఎదుగుదలకు చేటు. పుట్టిన బిడ్డలో ఈ గ్రంథి లేకున్నను తొలి దినములలో మొగమును చూచి పోల్చుకొనుట కష్టము. కావున పుట్టిన కొలది దినములలో మడమనుండి ఒక చుక్క నెత్తురు తీసి పరీక్షింపించుమని ప్రసవశాలలో అడుగవలెను. రెండు వారముల లోపల మాత్ర మొదలిడిన బిడ్డ తోటివారివలెనే ఎదుగును. నెలలు జరిగిన పిమ్మట ఆ బుద్ధి తిరిగి రాదు.

చికిత్సకు థైరాక్సిను మాత్ర. చవుకైనది. ప్రొద్దున్నే పరగడుపున మంచినీటితో మ్రింగి, అరగంట నుండి గంటవరకు కాఫీ గాని ఫలహారము గాని పుచ్చుకొనరాదు. ఇనుము, కాల్షియము మాత్రలు నాలుగు గంటలు ఎడముగా వేసికొనవలెను. ఒళ్లు తేలికపడినదని కొందరు మూడు నెలలకే మానివేసి, మరల మొదటికి వత్తురు. గర్భము నిలిచినదని తెలియగనే మాత్రను మానక, డాక్టరును చూడవలెను. అప్పుడు మోతాదు సాధారణముగా పెంచవలసి వచ్చును. మోతాదు మార్చిన ఆరు వారములకు నెత్తురు పరీక్ష. మెడకు పసర్లు కట్టుట వలన లోపించిన హార్మోను పుట్టదు. పని కొఱకు సేలము నుండి షోలాపూరుకు, అచ్చటినుండి భివండికి మకాము మార్చు కుటుంబములు మనలో పెక్కు గలవు. వారు డాక్టరు చీటీని, పాత పరీక్ష కాగితములను వెంట నుంచుకొనవలెను. సీసాపై 25, 50, 100 అని యుండునవి మైక్రోగ్రాములు. క్రొత్త ఊరి మందులకొట్టులో తెల్లమాత్ర యని గాక, ఆ అంకెను చూపి అడుగవలెను.