మొదట మాట్లాడేది భయమే

"మా బిడ్డ చానా మంచిది మేడమ్, చెప్పిన మాట దాటదు. కానీ ఈమధ్య సరిగ్గ తింటలేదు. ఏమైందంటే ఏం లేదంటది."

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు బడుల్లో పనిచేసినన్నాళ్ళూ తల్లులు నాతో ఎక్కువగా చెప్పుకున్న దిగులు ఇదే. ఆ తల్లికి ప్రేమ తక్కువేం కాదు, రాత్రంతా నిద్రలేక పొద్దున్నే బడికి వచ్చింది. ఆమెను చూస్తే మనకూ మనసు ఆగదు. అయితే ఆమె చెప్పిన రెండు మాటలకూ సంబంధం ఉంది. మాట దాటని బిడ్డ కాబట్టే "ఏం లేదు" అంటోంది. సప్పుడు చేయకు, ఎవ్వలకు చెప్పకు, మంది ఏమనుకుంటరు అని చిన్నప్పటి నుంచీ మనమే నేర్పాం. అలా నేర్చుకున్న బిడ్డ ఊరివాళ్ళ దగ్గరే కాదు, మన దగ్గరా నోరు విప్పదు.

ఇలాంటప్పుడు నాకు ఎస్తేరు గుర్తొస్తుంది. సింగరేణి ఊళ్ళ చర్చిల్లో ఆ పేరున్న ఆడపిల్లలు కనిపిస్తూనే ఉంటారు. యూదుల పవిత్ర గ్రంథంలో ఆమెది 10 అధ్యాయాల చిన్న పుస్తకం. మన కాముని పున్నానికి అటూ ఇటూగా వచ్చే పూరీము పండుగకు యూదులు దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదువుతారు. దుర్మార్గుడైన హామాను పేరు వినబడగానే పిల్లలు గోలగోల చేసి ఆ పేరు వినపడనివ్వరు. మన సండే స్కూళ్ళలో మాత్రం ఈ పుస్తకాన్ని అందగత్తె రాణి అయిన కథలా చెప్పేస్తుంటారు. ఆ పిల్ల లోపల ఏం జరిగిందన్నది పక్కకు పోతుంది.

ఎస్తేరుకు అమ్మానాన్నలు లేరు. అన్న వరసయ్యే మొర్దెకై ఆమెను కూతురిలా పెంచాడు. నాన్న దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండగా అమ్మమ్మ దగ్గరో మేనమామ దగ్గరో పెరిగే పిల్లలు జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఎందరో. అడవిలో దొరికిన పసిపాపను పొలవాస మేడరాజు పెంచుకుంటే ఆ బిడ్డే సమ్మక్క అయిందని మన పెద్దలు చెప్తారు. కన్నవాళ్ళు కాకపోయినా కడుపులో పెట్టుకుని పెంచేవాళ్ళు మన గడ్డకు కొత్త కాదు.

కొత్త రాణిని ఎంచడానికి పారసీక రాజు మనుషులు ఆడపిల్లలను పోగుచేసి షూషను కోటకు తీసుకుపోయారు. నీకు ఇష్టమేనా అని ఎస్తేరును ఎవరూ అడగలేదు. 6 నెలలు బోళం నూనెతో, 6 నెలలు సుగంధాలతో ఆమెను తయారుచేశారు. నీ జాతి ఏదో, నీవాళ్ళెవరో బయట పెట్టకని మొర్దెకై చెప్పాడు. ఆమె పెట్టలేదు. రాణి అయ్యాక కూడా అతని ఇంట్లో పెరిగినప్పటిలాగే మాట విన్నది. అతనేమో రోజూ ఆ ఆడవాళ్ళ లోగిలి ముందు తిరుగుతూ బిడ్డ ఎలా ఉందో తెలుసుకునేవాడు. పచ్చడి సీసా, జంతికలు సంచిలో పెట్టుకుని గురుకులం గేటు బయట ఎండలో నిలబడిన నాన్నలను చూసినప్పుడు నాకు మొర్దెకైయే కనిపిస్తాడు. అంత ప్రేమ. అయినా ఆ ప్రేమ ఆమెకు నేర్పింది దాచుకోవడమే.

మొదటి మూడు అధ్యాయాల్లో ఎస్తేరు గొంతు మనకు నేరుగా ఒక్కసారీ వినిపించదు. ఇంతలో యూదులందరినీ ఒక్కరోజే చంపాలని రాజు మంత్రి హామాను రాజముద్రతో ఆజ్ఞ పంపించాడు. ఊరంతా అట్టుడికిపోతోంది. రాణికి మాత్రం ఆ సంగతి తెలియదు. మొర్దెకై గోనెపట్ట కట్టుకుని తిరుగుతున్నాడని విని, కట్టుకోవడానికి మంచి బట్టలు పంపింది. దుఃఖం కనబడితే పైన బట్ట కప్పడం ఒక్కటే ఆమెకు తెలుసు. మన ఇళ్ళలోనూ అప్పులు, ఇంట్లో గొడవలు, తాతకొచ్చిన జబ్బు పిల్లలకు తెలియనివ్వం. వాళ్ళు చల్లగా ఉండాలనే. కానీ పిల్లలు మన ముఖం చూసి సగం గ్రహిస్తారు, మిగతా సగం ఊహించుకుని ఇంకా భయపడతారు.

ఇక్కడ మొర్దెకై మంచి పని చేశాడు. ఆ బట్టలు తిప్పి పంపాడు. ఆజ్ఞ నకలు ఇచ్చి, ఖజానాకు తూచి ఇస్తానని హామాను ఒప్పుకున్న వెండి లెక్కతో సహా సంగతంతా చెప్పించాడు. రాజు దగ్గరికి వెళ్ళి మనవాళ్ళ కోసం అడగమన్నాడు. అప్పుడు ఎస్తేరు గొంతు మొదటిసారి వింటాం. పిలవకుండా రాజు ముందుకు వెళితే ప్రాణం పోతుంది, నన్ను పిలిచి 30 రోజులైంది అంటుంది. ఆ మొదటి పలుకంతా భయమే. మన పిల్లలు మొదటిసారి నోరు విప్పినప్పుడు మనకు వినపడేదీ అదే. దాన్ని పిరికితనం అన్నామో, "అంతదానికే ఏడుస్తవా" అన్నామో, రెండో మాట మనదాకా రాదు. ఎస్తేరు రెండో మాట వేరుగా ఉంది. ఊళ్ళో మనవాళ్ళందరినీ పోగుచేసి మూడు రోజులు ఉపవాసం ఉండండి, నేనూ ఉంటాను, ఆ తర్వాత వెళతాను, పోతే పోతానంది. పెంచినవాడికి పని చెప్పింది.

అయినా ఆమె రాజు దగ్గర వెంటనే నోరు విప్పలేదు. ఏం కావాలని రాజు అడిగితే విందుకు రమ్మంది. విందులో మళ్ళీ అడిగితే రేపు ఇంకో విందుకు రమ్మంది. మూడోసారి అడిగాక గానీ అసలు మాట రాలేదు. పిల్లల తీరు తెలిసినవాళ్ళకు ఇది వింత కాదు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి సాయంత్రం అందరూ వెళ్ళాక ఉండిపోయి సుద్దముక్కలను పొడుగు ప్రకారం డబ్బాలో సర్దేది. ఏమైనా చెప్పాలా అంటే తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేది. ఓ రోజు సర్దుతూ సర్దుతూ, తల ఎత్తకుండానే, బడికి తీసుకొచ్చే ఆటోలో ఒకడు చేస్తున్న పని చెప్పింది. వెంటనే ఇంకో మాట అంది: "అమ్మకు చెప్పుండ్రి టీచర్, కానీ బడి మాన్పియ్యొద్దని చెప్పుండ్రి."

ఆమెకు వాడికన్నా మనమంటేనే ఎక్కువ భయం. నిజం చెప్తే చదువు ఆగుతుంది, సంబంధాలు చూస్తారు, తప్పు తనదే అవుతుంది. పక్కింటి అక్క విషయంలో జరిగింది ఆమె చూసే ఉంటుంది. మనసుకు కష్టంగా ఉన్నా ఒప్పుకోవాలి, మనం కాపాడడం అనుకునేది వాళ్ళకు చాలాసార్లు శిక్షలా తగులుతుంది. ఇలాంటి సంగతి తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటుంది. సాయానికి 1098కి ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు. అంతకుముందు ఇంట్లో చెప్పాల్సిన మాట ఒకటుంది: నీ బడి ఆగదు.

ఎస్తేరు చెప్పినట్టే మొర్దెకై వెళ్ళి అంతా చేశాడని నాలుగో అధ్యాయం చివర ఉంటుంది. ఆమె ఎదుగుదల నాకు కిరీటంలోకన్నా అక్కడే బాగా కనబడుతుంది. నిన్నటిదాకా చెప్పినవాడు ఇవాళ విన్నాడు. అతను వినకపోతే ఆమె ధైర్యం ఆ కోట గోడల మధ్యే ఉండిపోయేది. తర్వాత, తనవాళ్ళు బతికి బయటపడ్డాక, తొమ్మిదో అధ్యాయంలో పూరీము పండుగ నియమాలను స్థిరపరుస్తూ ఆమె తన అధికారంతో ఉత్తరం రాస్తుంది. అదే అధ్యాయంలో శత్రువులను చంపడానికి ఇంకో రోజు గడువూ అడుగుతుంది. పెద్ద పిల్లలతో దాని గురించీ మాట్లాడొచ్చు, అది తప్పని వాళ్ళంటే అననివ్వొచ్చు.

పరాయి దేశంలో ఉన్న నాన్నలకు ఒక మాట. సెలవు రోజున ఫోన్ చేసినప్పుడు "మంచిగ చదువుకుంటున్నవా" అని అడగడం మనకు అలవాటు. దానికి "ఆ" అన్న జవాబొక్కటే ఉంటుంది. "నేను నీకేం చేయాలె బిడ్డా" అని అడిగి చూడండి. మొదటి వారం ఏం లేదంటుంది. తర్వాతి వారం కూడా అడగండి. మామకు చెప్పొద్దని ఏదైనా చిన్న సంగతి చెప్పిందనుకోండి, దానివల్ల ఆమెకు ప్రమాదం లేకపోతే మామకు చెప్పకండి. పెద్ద సంగతి మీతో చెప్పాలా వద్దా అన్నది ఆమె అప్పుడే తేల్చుకుంటుంది.