పీహెచ్‌పీయా, డాట్‌నెట్టా? ఆ సర్వర్ ఎవరు చూస్తారో ముందు అడగండి

వికారాబాద్‌లోనో తాండూరులోనో డిగ్రీ పూర్తిచేసి, పొద్దున్నే రైలెక్కి లింగంపల్లిలో దిగి, ఎంఎంటీఎస్ పట్టుకుని హైటెక్ సిటీకి ఇంటర్వ్యూలకు తిరిగే పిల్లల్లో చాలామందిది ఒకటే ప్రశ్న: పీహెచ్‌పీ నేర్చుకోవాలా, డాట్‌నెట్టా? అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డులు చూసి తేల్చుకునే సంగతి కాదిది. ఒక పని మీద పెట్టి చూడాలి.

తాండూరులో నాపరాయి పాలిష్ యూనిట్ నడిపే ఆయనకు సొంత డొమైన్ పేరుతో వెబ్‌మెయిల్ కావాలనుకుందాం. ఆఫ్టర్‌లాజిక్ వాళ్ల వెబ్‌మెయిల్ ప్రో ఒకప్పుడు పీహెచ్‌పీ, ఏఎస్‌పీ డాట్ నెట్ రెండు వెర్షన్లలోనూ దొరికేది. చేసే పని ఒకటే. మరి ఏది పెడతారు?

వెబ్‌మెయిల్ షాపు ముందుగది లాంటిది. సరుకు వెనక యార్డులో, అంటే మెయిల్ సర్వర్‌లో ఉంటుంది. ముందుగది ఉత్తరాలు తెచ్చుకునేది ఐమ్యాప్ ద్వారా, మామూలుగా 993 పోర్టులో. పంపేది ఎస్‌ఎంటీపీ ద్వారా, 587లో. అందుకే వెర్షన్ మార్చినా సర్వర్‌లోని ఉత్తరాలు ఎక్కడికీ పోవు. మారేది ఖర్చు, చూసుకునే మనిషి. పాత ఏఎస్‌పీ డాట్ నెట్‌కు విండోస్ సర్వర్, దాని లైసెన్సు కావాలి. 2016లో వచ్చిన డాట్‌నెట్ కోర్ లినక్స్ మీద కూడా నడుస్తుంది గానీ, పాత అప్లికేషన్లు అంత తేలిగ్గా అటు కదలవు. పీహెచ్‌పీకి చవక లినక్స్ హోస్టింగ్ చాలు. నాపరాయి షాపుకైతే నా ఓటు పీహెచ్‌పీకే. అదే ఆఫీసంతా మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ మీద ఉండి, అక్కడి అడ్మిన్‌కు లినక్స్ రాకపోతే మాత్రం విండోస్ వెర్షనే మేలు.

ప్లాట్‌ఫామ్ మార్చడం పెద్దవాళ్లకూ తేలిక కాలేదు. సబీర్ భాటియా, జాక్ స్మిత్ 1996 జులై 4న మొదలుపెట్టిన హాట్‌మెయిల్ ఫ్రీబీఎస్‌డీ, సొలారిస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద నడిచేది. దాన్ని 1997 డిసెంబరులో కొన్న మైక్రోసాఫ్ట్, ముందువరస వెబ్ సర్వర్లను తన విండోస్ 2000కు మార్చుకునేసరికి 2000 వచ్చింది.

ఇంకోటి, చాలామంది చూడనిది: మీరు పెట్టబోయే సాఫ్ట్‌వేర్ ఇంకా బతికే ఉందా? ఒకప్పుడు ఎక్కడ చూసినా కనిపించిన వెబ్‌మెయిల్ స్క్విరల్‌మెయిల్‌కు చివరి స్థిర విడుదల 1.4.22. అది 2011 నాటిది. ఉచితం కదా అని అలాంటిది పెడితే రేపు సెక్యూరిటీ కంత కనిపించినప్పుడు మీరే పూడ్చాలి.

కొత్తవాళ్లకు నా సలహా: మీ ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్ మెషిన్ పెట్టి ఉబుంటు, మెయిల్ పంపే పోస్ట్‌ఫిక్స్, ఐమ్యాప్ చూసుకునే డవ్‌కాట్, వాటిపైన పీహెచ్‌పీ వెబ్‌మెయిల్ రౌండ్‌క్యూబ్ ఎక్కించండి. ఇంటి నెట్‌లో, సర్వర్ నుంచి సర్వర్‌కు మెయిల్ వెళ్లే 25 పోర్టు చాలాసార్లు మూసి ఉంటుంది కాబట్టి బయటికి పంపాలని తంటాలు పడొద్దు. ఇద్దరు యూజర్లను సృష్టించి ఒకరి నుంచి ఒకరికి పంపితే చాలు. పాత ట్యుటోరియల్ చూస్తూ చేస్తే ఒకచోట తికమక పడతారు. 2022లో వచ్చిన రౌండ్‌క్యూబ్ 1.6లో ‘డీఫాల్ట్ హోస్ట్’ అనే సెట్టింగ్ పేరు ‘ఐమ్యాప్ హోస్ట్’ అయింది. ఆ తికమక పడటమే అసలు చదువు. డాట్‌నెట్ భాష సీ షార్ప్ ఆ తర్వాత నేర్చుకోవచ్చు. పెద్ద కంపెనీలే లక్ష్యమైతే నేర్చుకోవాలి కూడా.

ఇంటర్వ్యూలో రౌండ్‌క్యూబ్ వచ్చా అని అడిగేవాళ్లు తక్కువ. ‘లాగిన్ అవుతోంది, మెయిల్ మాత్రం వెళ్లడం లేదు, ఎక్కడ చూస్తావు?’ అంటారు. లాగిన్ అయిందంటే ఐమ్యాప్ బాగానే ఉన్నట్టు. ఇక తెరవాల్సింది పోస్ట్‌ఫిక్స్ లాగ్. 587 దగ్గర పాస్‌వర్డ్ తిరగ్గొట్టిందా, అవతలి సర్వర్ వెనక్కి పంపిందా అన్నది అందులోనే రాసి ఉంటుంది.