ఫోన్లో ఆర్డరు, జీడీలో ఎంట్రీ

ఫిబ్రవరి, మార్చి నెలల్లో కమ్మర్‌పల్లి మండలంలో ఏ ఊరికి వెళ్ళినా కల్లాల మీద పసుపు ఆరుతూ ఉంటుంది. ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలేదాకా రైతుకు కంటి మీద కునుకు ఉండదు. అట్లాంటి రోజుల్లో ఒక రాత్రి పది బస్తాలు పోయాయనుకోండి. పొద్దున ఏడింటికల్లా రైతు, వెంట వీడీసీ (గ్రామాభివృద్ధి కమిటీ) పెద్దలు, వాళ్ళ వెనక ముప్పై మంది స్టేషన్ ముందు ఉంటారు. "పక్కూరి పోరని మీదనే మా అనుమానం సార్, జర గట్టిగ అడుగుండ్రి" అంటారు. తొమ్మిదింటికి ఒక నాయకుడి ఫోన్ వస్తుంది. పదింటికి పై ఆఫీసర్ ఫోన్ వస్తుంది. "సాయంత్రానికి రికవరీ కావాలి."

మండల స్టేషన్‌కు కొత్తగా వచ్చిన ఎస్సై అయినా, రెండేళ్ళ సర్వీసున్న కానిస్టేబుల్ అయినా ఆ ఫోన్ తర్వాత ఏం చేస్తారన్న దాని మీద వాళ్ళ ఉద్యోగం నిలబడుతుంది. నేను చూసినంతలో పెద్ద హత్య కేసుల్లో మనవాళ్ళు ఇరుక్కోవడం తక్కువ. అక్కడ అందరి కళ్ళూ ఉంటాయి, పై ఆఫీసర్లు స్వయంగా దిగుతారు. చిన్న దొంగతనం కేసులోనే మనిషి ఒంటరిగా దొరికిపోతాడు.

ఒకటి గమనించండి. ఆ ఫోన్లో "కొట్టు" అని ఎవరూ అనరు. "చూసుకో" అంటారు. "నీ పద్ధతిలో అడుగు" అంటారు. రేపు విచారణ మొదలైతే ఆ ఆఫీసర్ "చట్టప్రకారం దర్యాప్తు చేయమన్నాను" అని రాసిస్తాడు. ఆయన మాటల్లో అంతకు మించి ఉండదు కాబట్టి మీరు కాదనలేరు. ఎవరి చేయి లేచిందో వాళ్ళ పేరే కాగితం మీదికి వస్తుంది.

2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరులో జరిగింది ఇదే. ఒక ఇంట్లో డబ్బు పోయిందని అక్కడ వంట పనిచేసే దళిత మహిళను స్టేషన్‌కు తెచ్చారు. ఆమె పోలీసుల చేతుల్లోనే చనిపోయింది. హైకోర్టు మృతదేహాన్ని వెలికితీయించి మళ్ళీ పోస్టుమార్టం చేయించింది. ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు డిస్మిస్ అయ్యారు. సస్పెన్షన్ అయితే తిరిగి రావచ్చు, డిస్మిస్ అంటే పెన్షన్ కూడా ఉండదు. 2023లో మెదక్‌లో ఒక కూలీని గొలుసు దొంగతనం కేసులో, సీసీటీవీలో కనిపించిన మనిషి పోలికలున్నాయని పట్టుకెళ్ళారు. సంబంధం లేదని తేలాక వదిలేశారు. ఆ ఫిబ్రవరిలో అతను గాంధీ ఆస్పత్రిలో చనిపోయాడు. హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. రెండు ప్రాణాలు, కొన్ని ఉద్యోగాలు పోయాయి. రెండుచోట్లా మొదలు చిన్న దొంగతనం అనుమానమే.

ఇప్పుడు పసుపు బస్తాల దగ్గరికి వద్దాం. మొదట ఎఫ్ఐఆర్ కట్టండి. "పిటిషన్ పెట్టిపో, చూద్దాం" అనకండి. కాగ్నిజబుల్ నేరం కనిపిస్తుంటే ఎఫ్ఐఆర్ తప్పదని సుప్రీంకోర్టు 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. ఎఫ్ఐఆర్ లేకుండా ఒక మనిషిని కూర్చోబెట్టారంటే, అతను స్టేషన్లో ఎందుకున్నాడో చెప్పే కాగితం మీ దగ్గర ఒక్కటీ ఉండదు.

తర్వాత ఆ పోరడిని జీపెక్కించుకు రావాలా? ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు అవసరం లేనప్పుడు బీఎన్ఎస్ఎస్ 35(3) కింద నోటీసు ఇవ్వాలి. పాత సీఆర్‌పీసీ 41ఏ అదే. 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పు నుంచి ఇది నడుస్తోంది, అయినా చాలామంది మనవాళ్ళు నోటీసును రిమాండ్ కేస్ డైరీకి జత చేసే ఫార్మాలిటీగానే చూస్తారు. ఇంకో పొరపాటు ఈమధ్య ఎక్కువైంది. నోటీసును ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, బ్లూ టిక్ వచ్చిందని వదిలేస్తున్నారు. అది చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది. కానిస్టేబుల్ వెళ్ళి చేతికిచ్చి, సంతకం తీసుకుని, టైం రాసుకుని రావాలి. ఊరికి పోయిరావడం గంట పని, ఆ గంట మిగుల్చుకుందామని చూడకండి.

సాక్షిగా పిలిస్తే 179 కింద నోటీసు. ఆడవాళ్ళను, అరవై దాటినవాళ్ళను, పదిహేనేళ్ళ లోపు పిల్లలను, జబ్బుతో ఉన్నవాళ్ళను వాళ్ళ ఇంటి దగ్గరే అడగాలి. పోరడు దొరకలేదని వాళ్ళ అమ్మను తెచ్చి కూర్చోబెట్టే అలవాటు ఒకటి మన దగ్గర ఉంది. అది పూర్తిగా మానుకోండి. వయసు మళ్ళిన మనిషి భయంతో కుప్పకూలితే ఏ సెక్షనూ మిమ్మల్ని కాపాడదు, ఆ తర్వాత మీకు నిద్ర పట్టదు కూడా.

సరే, పోరడు వచ్చాడు. వచ్చిన టైం జీడీలో (జనరల్ డైరీలో) ఎక్కించండి, వెళ్ళిన టైం ఎక్కించండి. నా పాఠం చెబుతాను. ఏళ్ళ కిందట ఒక మండల స్టేషన్లో నేను ఒక అనుమానితుణ్ణి సాయంత్రం పిలిపించి, పొద్దునే పంపించేశాను. చేయి వేయలేదు, అన్నం కూడా పెట్టించాను. జీడీలో మాత్రం రాయలేదు. దుబాయ్‌లో ఉన్న వాళ్ళ అన్న ఆ రాత్రే ఫోన్ల మీద ఫోన్లు చేసి, పొద్దున్నకల్లా పై ఆఫీసుకు ఫిర్యాదు పంపాడు. ఎంక్వైరీలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న "కొట్టారా" అని కాదు, "రాత్రంతా ఎక్కడున్నాడు" అని. చూపించడానికి నా దగ్గర ఒక్క లైను లేదు. ఇంక్రిమెంట్ ఆగింది. ఇక్కడ ప్రతి గడపకూ గల్ఫ్‌లో ఒక మనిషి ఉంటాడు. స్టేషన్లో జరిగింది గంటలో దోహా దాకా చేరుతుందని లెక్కేసుకుని పనిచేయండి.

ఇక కొడితే ఏమొస్తుంది? పోలీసు దగ్గర ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యం కాదు. ఆ మాట వల్ల సొత్తు దొరికితే, దాన్ని బయటపెట్టిన భాగం వరకే పనికొస్తుంది. కొట్టినందుకు మాత్రం బీఎన్ఎస్ 120 కింద ఏడేళ్ళు, గాయం తీవ్రమైతే పదేళ్ళు. నాలుగు దెబ్బలకు భయపడి పోరడు తన ఇంట్లోని సొంత పసుపే చూపిస్తాడు. పంచులు సంతకం పెడతారు. ఐదేళ్ళ తర్వాత డిఫెన్స్ లాయర్ ఆ పంచులను కోర్టులో నిలబెట్టి అడిగితే కేసు అక్కడే కూలుతుంది. అసలు దొంగ మరుసటి సీజన్‌లో మళ్ళీ వస్తాడు.

పది బస్తాలు జేబులో పెట్టుకుని పోయేవి కావు. ట్రాలీ ఆటోనో, ట్రాక్టరో కావాలి. 63వ నంబరు హైవే మీద అటు ఆర్మూర్ వైపు, ఇటు మెట్‌పల్లి వైపు బంకులు, దాబాలు, వైన్స్ కెమెరాలు చూడండి. నిజామాబాద్ యార్డులో గేట్ ఎంట్రీ, అడ్తిదారు చిట్టా, తక్‌పట్టీ ఉంటాయి. పసుపు పండించని పేరు మీద సరుకు వచ్చిందా అని అడగండి. అనుమానితుడి ఫోన్ కాల్ రికార్డుల కోసం రాతపూర్వకంగా అడగండి. సోదా, స్వాధీనం చేసేటప్పుడు బీఎన్ఎస్ఎస్ 105 ప్రకారం వీడియో తీయాలి. ఆ వీడియో మొదటి నుంచి చివరిదాకా ఉండాలి, దొరికిన తర్వాత మొదలుపెట్టిన వీడియో మీకే ఎదురు తిరుగుతుంది. ఇదంతా సాయంత్రానికి అయ్యే పని కాదు. అందుకే పదింటి ఫోన్‌కు జవాబుగా మధ్యాహ్నమే ఒక చిన్న రిపోర్టు పంపండి. ఎఫ్ఐఆర్ నంబరు, నోటీసు ఇచ్చిన టైం, చూస్తున్న కెమెరాలు, యార్డుకు పంపిన మనిషి. ఖాళీ చేతులతో "ట్రై చేస్తున్నాం సార్" అంటే తిడతారు. నాలుగు లైన్ల రిపోర్టు ఉంటే ఆ ఆఫీసర్ తన పైవాళ్ళకు అదే చదువుతాడు. ఒత్తిడి తగ్గించుకునే మార్గం నాకు తెలిసినంతలో ఇదొక్కటే పనిచేసింది.

అరెస్టే అవసరమైతే పద్ధతి తెలిసిందే: అరెస్టు మెమో, ఇంటివాళ్ళకు కబురు, వైద్య పరీక్ష, 24 గంటల్లో మేజిస్ట్రేట్. ఇందులో ఎక్కువ తప్పేది అరెస్టు కారణాల దగ్గర. సెక్షన్లు చదివి వినిపిస్తే చాలదు. అతనికి అర్థమయ్యే భాషలో, అతను ఏం చేశాడని పట్టుకున్నారో చెప్పాలి. చెప్పకపోతే అరెస్టే చెల్లదని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో తేల్చింది. తెలుగులో రాసి, చేతికిచ్చి, సంతకం తీసుకోండి. వైద్య పరీక్షను కూడా తేలిగ్గా తీసుకోకండి. బీపీ, షుగర్, ఫిట్స్, మందులు వాడుతున్నాడా అని అడిగి డాక్టర్ చేత రాయించండి. 2025 మార్చిలో నిజామాబాద్‌లో విదేశీ ఉద్యోగాల మోసం కేసు నిందితుడు ఒకరు కస్టడీలో ఉండగా చనిపోయాడు. కొట్టారని కుటుంబం, అనారోగ్యమని పోలీసులు అన్నారు. అట్లాంటి వేళ నిజం తేల్చేది మొదటి రోజు డాక్టర్ రాసిన చీటీ, స్టేషన్ కెమెరా.

కెమెరా సంగతి ఎస్‌హెచ్‌ఓలు బాగా గుర్తుపెట్టుకోవాలి. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో సీసీటీవీ ఉండాలని, రికార్డింగు 18 నెలలు దాచాలని ఆదేశించింది. అది పనిచేసేలా చూసే బాధ్యత పేరుపెట్టి ఎస్‌హెచ్‌ఓ మీద పెట్టింది. చెడిపోతే వెంటనే జిల్లా కమిటీకి రాయాలి, ఆ చెడిపోయిన రోజుల్లో జరిగిన అరెస్టులు, విచారణలు కూడా తెలపాలి. కావలసిన రోజే ఫుటేజ్ లేదంటే ఏ కోర్టూ నమ్మదు. కానిస్టేబుళ్ళకూ చెబుతున్నాను, కెమెరా మీకు శత్రువు కాదు. మీరు కొట్టలేదని చెప్పగల సాక్షి ఆ గదిలో ఇంకెవరూ ఉండరు.

మన ప్రాణాల సంగతి కూడా ఉంది. 2025 అక్టోబరు 17న నిజామాబాద్‌లో సీసీఎస్ కానిస్టేబుల్ ప్రమోద్ ఒక పాత నేరస్తుణ్ణి పట్టుకుని బైక్ మీద స్టేషన్‌కు తెస్తుండగా, అతను కత్తితో పొడిచి చంపాడు. ఈ మాట రాస్తుంటే చేయి బరువెక్కుతోంది. ప్రమోద్ తప్పు చేశాడని నేననను. బండి లేక, మనుషులు లేక, బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తేవడం మనందరి అలవాటు. ఆ అలవాటు మారాలి. ఎంత తెలిసిన మనిషైనా ఒళ్ళు, నడుము, కాళ్ళు తడిమి చూడకుండా కదలకండి. పదేపదే నేరాలు చేసేవాడైతే, లేదా కస్టడీ నుంచి తప్పించుకున్న చరిత్ర ఉంటే బీఎన్ఎస్ఎస్ 43(3) బేడీలకు అనుమతిస్తోంది, ఎందుకు వేశారో జీడీలో రాయండి. బండి రాకపోతే అక్కడే ఆగి, ఎస్కార్ట్ అడిగాం, ఇన్ని గంటలకు అడిగాం అని రాయించండి. "ఇంతదానికి బండా" అని ఎవరైనా అంటే ప్రమోద్ పేరు చెప్పండి.

మూడో రోజున, అక్టోబరు 20న, ప్రభుత్వ ఆస్పత్రిలో ఆ నిందితుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆయుధం లాక్కోబోయాడని పోలీసులు చెప్పారు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ దాన్ని తనంతట తాను విచారణకు తీసుకుంది. ఇట్లాంటప్పుడు జనం చప్పట్లు కొడతారు. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్ తర్వాత పోలీసుల మీద పూలు చల్లారు. ఆ ఎన్‌కౌంటర్ మీద 2022 మేలో బయటికొచ్చిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. ఆ తర్వాత వాళ్ళు హైకోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది. పూలు చల్లినవాళ్ళెవరూ లాయర్ ఫీజు కట్టరు. ఆస్పత్రి గార్డు డ్యూటీ పడితే ఆయుధం నిందితుడి చేతికందే దూరంలో ఉంచుకోకండి, మంచం దగ్గర ఆయుధం లేని మనిషిని, తలుపు దగ్గర ఆయుధమున్న మనిషిని పెట్టండి.

వీడీసీల గురించి ఒక్క మాట. ఆర్మూర్, బాల్కొండ వైపు వీడీసీకి ఉన్న బలం తెలిసిందే. ఊరి గొడవను "పెద్దమనుషుల దగ్గర తెంపుకోండి" అని స్టేషన్ నుంచి పంపడం సులువు. తర్వాత అదే కమిటీ ఆ కుటుంబానికి జరిమానా వేసి, కిరాణా బంద్ పెడితే, మొదట పంపింది మీరేనని ఫిర్యాదులో ఉంటుంది. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే సాంఘిక బహిష్కరణ అట్రాసిటీ చట్టం కిందికి వస్తుంది. బాధ్యత పట్టించుకోని ప్రభుత్వోద్యోగికి అదే చట్టం నాలుగో సెక్షన్‌లో జైలు శిక్ష ఉంది.

ఇంత చేసినా చార్జ్‌మెమో రావచ్చు. వచ్చిన రాత్రే కోపంతో వివరణ రాసి పంపకండి. గడువు చూసుకోండి, మెమోలో పేర్కొన్న డాక్యుమెంట్ల కాపీలు రాతపూర్వకంగా అడగండి. తోటి కానిస్టేబుల్ మీద నెట్టేసే వాక్యం ఒక్కటి కూడా రాయకండి, ఓరల్ ఎంక్వైరీలో అతనే మీ మీద మొదటి సాక్షి అవుతాడు. వివరణలో ప్రతి పేరా పక్కన జీడీ ఎంట్రీ నంబరు, తేదీ, టైం వేయండి. ఫోన్లో వచ్చిన ఆదేశాలను, "సార్ ఫోన్ ఆదేశం మేరకు బయల్దేరాం" అని ఏ రోజుది ఆ రోజు టైంతో సహా జీడీలో ఎక్కించి ఉంటే, ఆ నంబర్లు కూడా వేయండి.