ఎగువవాడు – దిగువవాడు

తెనాలిలో ఎనిమిదవ తరగతి చదువుచున్న ఇద్దరు బాలురకు తోడివారు పెట్టిన పేర్లు ఎగువవాడు, దిగువవాడు. మొదటివాని ఊరు దుగ్గిరాలకు సమీపమున, కృష్ణా పశ్చిమ కాలువ గట్టున కలదు. రెండవవాని ఊరు నిజాంపట్నము దిక్కున సముద్రమునకు చేరువ, కాలువకు చిట్టచివర. వాడు తెనాలిలో వసతిగృహమున నుండి చదువుకొనుచుండెను. ఇరువురి పొలములకును కృష్ణ నీరే ఆధారము. అయితే ఎగువ పొలములు తడిసిన పిమ్మట మిగిలినదే దిగువకు చేరవలెను.

ఆ యేడు జూలై నెలాఖరునకు దిగువవాని ఇంట నారు ముదురుచుండెను. దమ్ము చేయుటకు నీరు రాలేదు. “బెజవాడలో బ్యారేజి నిండుగా ఉన్నదట. మరి మాకెందుకు రాదు?” అని వాడు కనబడినవారినెల్ల అడుగుచుండెను. ఎవరును సరియైన జవాబు చెప్పలేదు. తుదకొక ఆదివారమున మిత్రులిద్దరును పెద్దల అనుమతి గైకొని ఉదయపు పాసింజరు బండిలో విజయవాడకు బయలుదేరిరి.

కృష్ణపై రైలు వంతెన దాటునప్పుడు ఎడమవైపున బ్యారేజి కానవచ్చెను. దాని వెనుక నీరు సముద్రమువలె పరచుకొని యుండెను. దిగువవాడు కిటికీ ఊచలు పట్టుకొని, “చూచితివా!” అనెను. ఎగువవాడు మాటాడలేదు.

నగరమునకు పోయినవారు సాధారణముగా అంగళ్ళు చూచి, సినిమా చూచి మరలి వత్తురు. ఎగువవానికిని ఆ కోరిక లేకపోలేదు. కాని మిత్రుడు వానిని నేరుగా ఇంద్రకీలాద్రి పాదము మీదుగా బ్యారేజి పైకి కొనిపోయెను. ఇద్దరును నడచుచు గేట్లు లెక్కించిరి. అవి 70. ఆవలి గట్టున, సీతానగరము వైపు, పశ్చిమ కాలువ మొదలున ఒక వృద్ధుడైన లస్కరు కూర్చుండి యుండెను.

“తాతా, ఇన్ని నీళ్ళు ఇక్కడ పెట్టుకొని మాకెందుకు వదలరు?” అని దిగువవాడు సూటిగా అడిగెను.

లస్కరు నవ్వి వారిని నీడకు పిలిచి కూర్చుండబెట్టెను. పూర్వము, 1832–33లో వచ్చిన నందన కరువున గుంటూరు సీమలో వేలకొలది జనులు మరణించిరనియు, తరువాత ఆర్థర్ కాటన్ దొర ఆలోచన ననుసరించి 1852లో ఆనకట్ట పని మొదలై 1855లో ముగిసెననియు, 1952లో దానికి గండి పడగా 1954లో ఈ బ్యారేజి పని ఆరంభించి 1957 నాటికి పూర్తి చేసి, టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరనియు అతడు చెప్పెను.

“ఇది చెరువు కాదు బాబూ. నది మట్టము పెంచి నీటిని కాలువలోనికి ఎక్కించే అడ్డుకట్ట. ఇందులో నిలిచేది మూడు టి.ఎం.సి.లే. మట్టము తగ్గితే కాలువకు నీరు ఎక్కదు. నీవు పుస్తకము తెచ్చావుగా, లెక్క వేసి చూడు.”

నూరు కోట్ల ఘనపుటడుగులు ఒక టి.ఎం.సి. డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరములు. ఎకరమునకు 43,560 చదరపుటడుగులు. మిత్రులిద్దరును గుణించి భాగించిరి. ఆ నీటినంతటిని పొలములపై సమముగా పరచినచో దాని లోతు ముప్పాతిక అంగుళమైనను రాలేదు. తప్పు చేసితిమేమో యని మరల వేసిరి. అంతియే వచ్చెను.

“మరి 2024 వరద మాటేమిటి?” అని ఎగువవాడు అడిగెను.

“ఆ సెప్టెంబరులో పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చి పడ్డది. పడవలు కొట్టుకొని వచ్చి గేట్ల దగ్గర తగులుకున్నవి. అంత నీటిని ఎక్కడ నిలుపుతాము? పైన పులిచింతలలో పట్టేది నలభై అయిదు టి.ఎం.సి.లు. మిగిలినది సముద్రానికే. కృష్ణ ఆలస్యమైన ఏడు పట్టిసీమలో గోదావరి నీటిని పంపులతో తోడి పంపుతారు. 2015 నుంచి అదే మనకు ఆదరువు. ఆ నీరు ఇక్కడికి వచ్చినంత, ఇక్కడి నుంచి వదులుతూనే ఉంటాము.”

“వదిలితే మాకు రావాలి గదా?”

“నీ ఊరు చేరేలోపల దారిలో ఎన్ని గొట్టాలున్నవో నాకేమి తెలుసు? తూములకు లెక్క ఉన్నది. రాత్రిపూట వేసుకున్న గొట్టాలకు లెక్క లేదు.”

ఎగువవాడు తల వంచుకొనెను. తమ తూము ప్రక్కన తండ్రి వేసిన సిమెంటు గొట్టము వాని కన్నులకు కట్టెను. తిరుగు బండిలో వాడు వేరుసెనగకాయలు సయితము ముట్టలేదు. దుగ్గిరాల రాగానే, “ఈ రాత్రికి మా ఇంటికి రా” అని మిత్రుని చేయి పట్టుకొని దించెను. వసతిగృహమునకు ఫోనులో కబురు చేసిరి.

భోజనముల వేళ ఎగువవాడు నోటుపుస్తకము తండ్రి ముందుంచి లెక్క చూపెను. గొట్టము మాటయు చెప్పెను. ఆయనకు కోపము వచ్చెను. “మనదొక్కటి మూస్తే నిజాంపట్నం దాకా నీరు పోతుందా? ఈ గట్టు పొడుగునా ఉన్నవి.” ఆ మాటయు అబద్ధము కాదు. కొంతసేపటికి ఆయన దిగువవాని వంక తిరిగి, “మీ నారు వయసెంత, అబ్బాయీ?” అనెను.

“ఇరవై ఎనిమిది రోజులండీ.”

రైతునకు అంతకంటె చెప్పవలసినది లేదు. ఆయన లేచి, టార్చిలైటును, పారను తీసికొని కాలువ వైపు నడచెను. బాలురు గడ్డి మోపు మోసికొని వెంట పోయిరి. గొట్టము మూతికి గడ్డి కుక్కి, మట్టి వేసి త్రొక్కిరి. “మా ఊడ్పులు అయిపోయినవి గనుక మూస్తున్నాను. వచ్చే వంతు సంగతి అప్పుడు చూద్దాం” అని ఆయన చేతులు కడుగుకొనెను.

మరునాటి ఉదయము మిత్రులిద్దరును గట్టు వెంబడి రైలు స్టేషనుకు నడచిరి. దిగువవాడు కుడిగట్టు, ఎగువవాడు ఎడమగట్టు చూచుచు, నీటి అంచున కనబడిన ప్రతి గొట్టమును నోటుపుస్తకములో గీతలు గీచి లెక్క వ్రాయుచుండిరి. స్టేషను చేరులోపల గీతలు ఒక పుట నిండెను.