చేతి ముద్రలతో శుభాకాంక్షల కార్డులు

పండుగలు వచ్చినప్పుడును, తోడివిద్యార్థులు పరీక్షలలో కృతార్థులైనప్పుడును, బంధువుల యింట శుభకార్యములు జరిగినప్పుడును మనము శుభాకాంక్షలు పంపుట వాడుక. ఇప్పుడా పని చేతిలోని ఫోనుతో క్షణములో ముగియుచున్నది. ఒకరు పంపిన పూలగుత్తి బొమ్మనే నూర్గురు నూర్గురకు పంపుదురు. అందుకొన్నవారు సాయంకాలమునకే దానిని మరతురు. బొమ్మ యందమైనదే, పంపినవారి చేయి మాత్రము దానిలో కానరాదు. ఆ కొరతను తీర్చు చిన్న చేతిపని యొకటి కలదు. దానికి కావలసినవి రబ్బరు ముక్క, చిన్న కత్తి, కొంచెము సిరా, దళసరి కాగితము. ఈ పనిని మొదటినుండి తుదివరకు విద్యార్థులకు తెలియజేయుటయే మా యుద్దేశము.

ముద్ర పుట్టుక

ఒక రూపమును గట్టి వస్తువుపై చెక్కి మరియొకదానిపై నొత్తుటయే ముద్ర. పూర్వమిది ప్రభువుల సొత్తు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనముల రేకులను గ్రుచ్చిన కడియములపై వరాహచిహ్నముతో ‘శ్రీ త్రిభువనాంకుశ’ యను ముద్ర నేటికిని చూడనగును. ఆ ముద్ర లేనిదే దానము చెల్లదు. తరువాతి కాలమున ముద్ర కచ్చేరీలకు వచ్చినది. దానిని అందరి చేతికి తెచ్చినది రబ్బరు.

చెట్టుపాలనుండి వచ్చు ఈ పదార్థము పెన్సిలు గీతలను చెరపునని 1770లో జోసెఫ్ ప్రీస్ట్లీ యను ఆంగ్లశాస్త్రజ్ఞుడు వ్రాసెను. అయితే పచ్చి రబ్బరు వేసవిలో జిగురై, చలికాలమున పెళుసై యుండెడిది. 1839లో అమెరికా దేశీయుడగు చార్లెస్ గుడియర్, గంధకము కలిపి కాచినచో రబ్బరు ఏ కాలమందైనను సాగుచు మరల తన రూపునకు వచ్చునని కనుగొని, 1844లో ఆ విధానమునకు పేటెంటు పొందెను. ఆ తరువాతనే రబ్బరు ముద్రలు పుట్టినవి. సీసపు టక్షరములను కూర్చి, వాని అచ్చును ప్లాస్టరులో తీసి, ఆ అచ్చుపై గంధకము కలిపిన రబ్బరు నుంచి వేడితో నదిమినచో ముద్ర సిద్ధమగును. ఇప్పుడు దుకాణములలో లేజరు యంత్రము ఆ పనిని కొలది నిమిషములలో చేయుచున్నది. కొయ్య ముద్రకును లోహపు ముద్రకును లేని గుణమొకటి రబ్బరునకు కలదు. కాగితము కొంచెము మిట్టపల్లములుగా నున్నను అది వంగి అంతట నానుకొనును.

ఇక కార్డు సంగతి. 1840లో ఇంగ్లండున పెన్నీ తపాలా యేర్పడినందున ఉత్తరములు విరివియైనవి. 1843లో హెన్రీ కోల్ అను నతడు పండుగనాటి యుత్తరములకన్నింటికి వేర్వేరుగా వ్రాయజాలక, జాన్ కాల్కాట్ హార్స్లీ యను చిత్రకారునిచేత బొమ్మ గీయించి, సుమారు వేయి కార్డులు అచ్చువేయించెను. తొలి క్రిస్మసు కార్డు ఇదియే యని చెప్పుదురు. అందొక విశేషము గమనింపదగును. బొమ్మ అచ్చుది, రంగులు చేతితో నద్దినవి, పుచ్చుకొనువారి పేరునకును పంపువారి పేరునకును ఖాళీలు విడువబడినవి. తొలి కార్డే అచ్చు కొంత, చేయి కొంతగా పుట్టినది.

కలమును అచ్చును

అచ్చునకును చేతికిని గల పొత్తును నేర్చుటకు మనము సముద్రము దాటనక్కరలేదు. తిరుపతికి చేరువనున్న శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు వెదురు పుల్లకు ఉన్నియో గుడ్డయో చుట్టి, దారముతో బిగించి, దానినే కలముగా చేసికొని బట్టపై రామాయణ భారత కథలను చిత్రింతురు. పూర్వపు పటములందు బొమ్మల క్రింద కథను తెలుగులో వ్రాయుట కూడ కలదు. అక్కడ 1957లో ప్రభుత్వ శిక్షణకేంద్రము నెలకొల్పబడినది. ఈ కళలో నిపుణులగు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఇదే కలంకారీ పేరుతో కృష్ణా జిల్లాలోని మచిలీపట్నము, పెడన ప్రాంతములందు జరుగు పనిలో కలమునకు బదులు చెక్కిన కొయ్య అచ్చులు ప్రధానము. ఒక పువ్వునకు రేఖల అచ్చు వేరు, లోపలి రంగుల అచ్చులు వేరు. ఒకదానిపై నొకటి తప్పక కూడునట్లు ఒత్తుటలోనే వారి నేర్పు.

కలము గీసినది రెండవసారి అట్లే రాదు. అచ్చు వేసినది ఎన్ని మారులైనను అట్లే వచ్చును. కార్డు చేయువాడు ఈ రెంటిని తెలిసి, మాటిమాటికి వచ్చు దానిని ముద్రకును, ఒక్కరికే చెందు దానిని తన చేతికిని విడువవలెను. అంచున వచ్చు మామిడిపిందెల వరుస ముద్ర పని. లోపలి పేరును, రెండు పంక్తుల మాటయు చేతి పని. ‘శుభాకాంక్షలు’ అను మాటను కూడ ముద్రగా చేసి యొత్తి, సంతకము లేక పంపినచో, అది కచ్చేరీ కాగితము వలెనే యుండును.

ముద్రకు తగిన వస్తువులు

తొలిపాఠమునకు వంటయిల్లే చాలును. బెండకాయను అడ్డముగా కోసి రంగులో నద్ది యొత్తినచో రేకుల పువ్వు పడును. ఉరులగడ్డను రెండుగా కోసి, కోసిన ముఖముపై రూపమును చెక్కవచ్చును. అయితే దాని తడిని గుడ్డతో నొత్తి తుడువనిచో రంగు పలుచనగును. మరునాటికి గడ్డ వాడిపోవును. పెన్సిలు చివరనున్న గుండ్రని రబ్బరు చెక్కనక్కరలేని చుక్కల ముద్ర.

కొంచెము కాలము నిలువవలెనన్న పెన్సిలు గీతలు చెరపు పెద్ద రబ్బరు శ్రేష్ఠము. ఇంకను చౌకయైనది సైకిలు పాత ట్యూబు. దానిని కత్తెరతో ఆకులుగా, పక్షులుగా కత్తిరించి, పంక్చరు వేయువారు వాడు సొల్యూషనుతో కొయ్యముక్కకు అంటించినచో నెలల తరబడి పనికివచ్చును. ఒక డబ్బా మూతలో గుడ్డను నాలుగైదు మడతలు వేసి రంగుతో తడిపినచో సిరామెత్త యగును.

అక్షరము తిరగబడుట

ముద్రయందు చెక్కినది కాగితముపై అద్దములోని బింబమువలె తిరగబడును. పువ్వు తిరగబడినను పువ్వే. అక్షరము తిరగబడినచో చదువరాదు. మన తలకట్టు కుడివైపునకు లేచును. ముద్రలో దానిని ఎడమకు లేచునట్లు చెక్కవలెను. ఒత్తులు, కొమ్ములు, గుడులు అన్నియు నట్లే. కంటితో ఊహించి చెక్కబోయినవారు తరచుగా తడబడుదురు. దీనికి సులభోపాయము కలదు. పలుచని కాగితముపై మెత్తని పెన్సిలుతో అక్షరమును సరిగా వ్రాసి, ఆ ముఖమును రబ్బరుపై బోర్లించి, వెనుకనుండి గోటితో రుద్దవలెను. పెన్సిలు పొడి రబ్బరున కంటుకొని, అక్షరము తనంతట తిరగబడి పడును. దానిని కనబడినట్లే చెక్కిన చాలును. ఒత్తినప్పుడు రెండవమారు తిరగబడి సరియైన రూపునకు వచ్చును.

చెక్కుటలో మూడు నియమములు కలవు. మొదటిది, విడువవలసిన గీత నెన్నడును ముట్టక, దాని చుట్టునున్న దానినే తీసివేయవలెను. ఏర్పేడు సమీపమున మాధవమాలలో కొయ్యతో దేవతామూర్తులను చెక్కు శిల్పులు చేయునదియు నిదియే. రెండవది, కత్తిని వాలుగా పట్టి, గీత పైభాగము సన్నముగను మొదలు వెడల్పుగను నుండునట్లు కోయవలెను. లేనిచో సన్నని గీతలు రెండుమూడు ఒత్తులకే తెగిపోవును. మూడవది, మన లిపి గుండ్రనిది గనుక వంపులు వచ్చినచోట కత్తిని త్రిప్పక రబ్బరునే త్రిప్పవలెను. కత్తిమొన ఎల్లప్పుడును పట్టుకొన్న చేతికి దూరముగా పోవలెను. చిన్న తరగతులవారు ఉపాధ్యాయుల యెదుటనే కత్తి పట్టవలెను.

కాగితమును ఒత్తుటయు

కలంకారీ పనివారు బట్టను ముందుగా కరక్కాయయు గేదెపాలును కలిపిన నీటిలో తడిపి ఆరవేయుదురు. ఆ పాలజిడ్డు రంగును ప్రాకనీయదు. కాగితమునకును అట్టి కట్టుబాటు వలయును. గంజియో జిగురో పట్టిన దళసరి డ్రాయింగు కాగితముపై సిరా నిలుచును; అద్దుడు కాగితమువంటి దానిపై చెదరును. ఒక మూలను సిరాబొట్టు పెట్టి చూచిన తెలియును.

కాగితమునకు పోగు కలదు. రెండు దిక్కుల మెల్లగా వంచి చూచినచో ఒక దిక్కున సులువుగా వంగును. ఆ దిక్కుననే మడతపెట్టవలెను. మడతకు ముందు సిరా లేని కలపు మొనతో కొలబద్ద ప్రక్కన గీత నొత్తినచో మడత చిట్లదు. ముద్రను మెత్తపై నదిమి ముంచరాదు, తట్టవలెను; సిరా అధికమైనచో చెక్కిన పల్లములు నిండి రూపము మాసిపోవును. కాగితము క్రింద పాత వార్తాపత్రిక మడత నుంచి, ముద్రను నిలువుగా దించి, కదల్పక యొత్తి, నిలువుగా నెత్తవలెను. మొదటి ఒత్తు వేరు కాగితముపై చూచుకొనుట మంచిది.

ఇంటి ముంగిట వేయు చుక్కల ముగ్గు కార్డున కెంతయు తగినది. పెన్సిలు రబ్బరుతో చుక్కలను వరుసలుగా నొత్తి, వానిని చుట్టు మెలికలను చేతితో గీయవచ్చును. చుక్కలన్నియు ఒక్కరీతిగ నుండును. మెలిక మాత్రము గీసినవారిదే.

వ్రేలిముద్ర

చెక్కనక్కరలేని, కొననక్కరలేని ముద్ర యొకటి కలదు. 1858లో బెంగాలు నందలి జంగీపూరులో విలియం హెర్షెల్ అను అధికారి ఒక గుత్తదారునిచేత ఒడంబడికపై చేతిముద్ర వేయించెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయ మేర్పడెను. వానిని వర్గీకరించు పద్ధతిని రూపొందించుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను భారతీయులు మిక్కిలి పాటుపడిరి. ఒకరి వ్రేలిగీతలు మరియొకరి గీతలతో సరిపోలవనుటయే ఆ విద్యకు మూలము.

అయినను మన యూళ్లలో ఆ మాటకు వేరర్థము కలిగినది. ‘వ్రేలిముద్ర మనిషి’ యన్నచో చదువు రానివారని భావము. సంతకము చేయలేనివారు బొటనవ్రేలు సిరాలో నద్ది నిశాని వేయగా, ప్రక్కన మరియొకరు వారి పేరు వ్రాయుదురు. ఆ సమయమున వారు తలవంచుకొనుట మనలో పలువురు చూచియే యుందురు. వసతిగృహములందుండి చదువుకొను పిల్లలలో కొందరి తల్లులును, అంతకంటె హెచ్చుగా అవ్వలును, అట్టివారే. వారికి మనము చక్కని వాక్యములు వ్రాసి పంపినచో పొరుగింటివారిచేత చదివించుకొనవలసి వచ్చును. తన బిడ్డ తనకు చెప్పిన మాటను పరుల నోట వినవలసివచ్చును.

కావున అట్టివారికి వారే చదువుకొనగల కార్డు చేయుడు. సెలవులకు ఇల్లు చేరుటకు పదునొకండు దినములున్నచో పదునొకండు చుక్కలు వరుసగా నొత్తి, చివర ఇంటి బొమ్మ ముద్రింపుడు. దినమునకొక చుక్క కొట్టివేయుచు అవ్వ తానే లెక్కపెట్టుకొనును. జ్వరము తగ్గి కోలుకొంటిరా, వాడిన కొమ్మ ప్రక్కన చిగిర్చిన కొమ్మ వేయుడు. పరీక్ష గట్టెక్కితిరా, పుస్తకముపై పువ్వు నుంచుడు. క్రింద సంతకమునకు మారుగా మీ బొటనవ్రేలి ముద్ర వేయుడు. అక్షరములు నేర్చిన వ్రేలు సిరాలో మునిగినందున దానికి వచ్చిన కొరత లేదు.

ఆ కవరులోనే ఖాళీ కార్డు నొకదానిని, మీ చిరునామా వ్రాసిన చిన్న కవరును ఉంచుట మరువకుడు. బొటనవ్రేలిని పసుపునీటిలో నద్ది ఐదుమారులు గుండ్రముగా నొత్తిన పువ్వగునని బొమ్మగీసి చూపుడు. కొలది దినములకు మీ చేతికి పసుపుపచ్చని పువ్వు రావచ్చును. ఆ వ్రేలిముద్రల ప్రక్కన ఎవ్వరును పేరు వ్రాయనక్కరలేదు.