చిన్న చీల

గోదావరీనది బాసర, ధర్మపురి, మంథనుల మీదుగా ప్రవహించి, కాళేశ్వరమువద్ద ప్రాణహితను తనలో కలుపుకొనుచున్నది. పూర్వపు ఆదిలాబాదు, కరీంనగరము జిల్లాలకు ఈ నదియే ఎల్లగా ఉండెను. పూర్వము దీనిపై పడవలను గడలతోను, తెడ్లతోను నడపెడివారు. నేడు కరీంనగరమువద్ద దిగువ మానేరు జలాశయమున విహారమునకు మోటారు పడవలు కలవు. వరదలు వచ్చినప్పుడు రక్షణదళములవారు రబ్బరు పడవలకు మోటారులను తగిలించుకొని వత్తురు. 2022 జూలైలో గోదావరి పొంగి మంథని వీధులు నీట మునిగెను. అట్టి ప్రవాహమధ్యమున మోటారు నిలిచిపోయినచో పడవలోనివారి గతి యేమగును?

పడవ వెనుక అంచునకు బిగించి, పని తీరిన పిమ్మట విప్పి తీసికొనిపోదగిన ఇంజనును ఔట్‌బోర్డు మోటారు అందురు. అమెరికాలో ఓలె ఎవిన్‌రూడ్ అనునతడు 1909లో ఇట్టి మోటారును తయారుచేసి ప్రచారమునకు తెచ్చెను. దాని బలము ఒకటిన్నర అశ్వశక్తి మాత్రమే. ఎవిన్‌రూడ్ పేరిట మోటారుల తయారీ 2020లో నిలిచిపోయినది. అయినను అట్టి పాత మోటారులు ఇంకను కొందరియొద్ద కలవు. వానిని మరల నీటిలోనికి దింపవలెనన్నచో అరిగిన భాగములకు బదులు భాగములు కావలయును. వానిని వెదకుటకు ఒక పద్ధతి కలదు.

మొదట మోటారును పడవకు బిగించు పట్టుపై నున్న రేకును తుడిచి చూడవలెను. సాధారణముగా దానిపై నమూనా అంకె, వరుస అంకె ఉండును. వానినిబట్టి మోటారు ఏ యేటిదో, దాని భాగముల అంకె లేవియో తయారీదారుల పట్టికలో తెలిసికొనవచ్చును. ఒకే అంకెగల భాగము పెక్కు సంవత్సరముల మోటారులకు సరిపోవుటయు కలదు.

విప్పిన భాగము విరిగినదే యైనను పారవేయరాదు. క్రొత్తదానికి అదియే కొలత. వెర్నియర్ కాలిపర్‌తో దానిని కొలిచి వ్రాసికొనవలెను. పాత అమెరికా, ఇంగ్లండు మోటారుల మరలు అంగుళముల లెక్కవి. వానిలో మిల్లీమీటరు బోల్టును బలవంతముగ త్రిప్పినచో లోపలి మరయే చెడును. కొండనాలుకకు మందు వేసిన ఉన్ననాలుక ఊడినట్లగును.

చల్లార్చు నీటిని పైకెక్కించు రబ్బరు చక్రము ఏండ్లు గడచినకొలది గట్టిపడి చిట్లును. దానిని, స్పార్క్ ప్లగ్గును క్రొత్తవి కొనవలెను. పళ్ళచక్రము, పిస్టను వంటివి దొరకనిచో, అదే నమూనాకు చెందిన పాడుపడిన మోటారునుండి తీసికొనవలెను. మన కోస్తాలో జాలరులు ఇట్టి మోటారులను వాడుదురు గనుక, విశాఖపట్టణము, కాకినాడ వంటి రేవులలో విచారించుట మేలు.

ఇక అన్నిటికంటె చిన్నది పంకా చీల. బండి కడసీల చక్రము ఊడకుండ కాపాడును. ఈ చీల పని వేరు. పంకా నీటిలోని రాతికో మొద్దునకో తగిలినప్పుడు తాను విరిగి, లోపలి పళ్ళచక్రములను కాపాడును. కావుననే దీనిని కావలెనని మెత్తని లోహముతో చేయుదురు. ఊరి టర్నరుచేతను చేయించుకొనవచ్చును. కాని ‘మాటిమాటికి విరుగుచున్నది, గట్టిదానిని వేయుదము’ అని ఉక్కుమేకును కొట్టిన, చీల విరుగదు; పళ్ళచక్రములే విరుగును. చీలను ఏటి నడుమనైనను మార్చుకొనవచ్చును. పళ్ళచక్రమును అచ్చట ఎవరు మార్చగలరు? అందుచేత తెలిసిన పడవవారు రెండు మూడు చీలలను, ఒక తెడ్డును వెంట నుంచుకొందురు.

బాగుచేసిన మోటారును నేరుగ నదిలోనికి తీసికొనిపోరాదు. పంకాను తీసి, క్రిందిభాగము నీటిలో మునుగునట్లు పీపాలో నిలిపి నడిపి చూడవలెను. చల్లార్చిన నీరు వెలుపలికి వచ్చుచున్నదో లేదో గమనింపవలెను. నీరు లేక నడిపినచో రబ్బరు చక్రము త్వరలోనే చెడును. పిమ్మట ఒడ్డు చేరువనే పడవపై పరీక్షింపవలెను.

బాలబాలికలారా! భాగము దొరకినంతనే పని ముగియదు. అది ఏల అట్లు చేయబడెనో తెలిసికొనుడు. తెలియక వేసిన మేకు ఒకటి పడవలోనివారి నందరిని ఆపదపాలు చేయును.

ప్రశ్నలు
1. పాత మోటారు ఏ యేటిదో ఎట్లు తెలిసికొనవచ్చును?
2. విరిగిన భాగమును ఏల పారవేయరాదు?
3. కడసీలకును, పంకా చీలకును గల భేదమేమి?