ఏకాగ్రతకు కాంతి చికిత్స: ఆశ ఎంత, ఆధారం ఎంత?

అవధానాన్ని ఒక కళగా పెంచి పోషించిన జాతి మనది. అయినా "రెండు పుటలు చదివేలోగా మనస్సు పది దిక్కులకు పోతున్నది" అని వాపోయే పెద్దవారు మన ఇళ్లలో కొందరు ఉన్నారు. పగలు ఉద్యోగం, రాత్రి స్వదేశంతో ఫోన్లు, నడుమ పిల్లల చదువులు. ఇటువంటి వారి కోసమే నేడు తలపై ధరించే కాంతి టోపీలు అమ్మకానికి వస్తున్నాయి. ఇటీవల ఒక మిత్రుడు అటువంటి టోపీని కొనదలచి, అవధాన లోపానికి వైద్యుడు ఇచ్చిన మందులను ఇక మానవచ్చునా అని నన్ను అడిగారు. ఆయనకు చెప్పిన సమాధానాన్నే కొంత విస్తరించి ఇక్కడ వ్రాస్తున్నాను.

కాంతి పుర్రెను దాటి లోనికి పోగలదా అన్నది మొదటి ప్రశ్న. చీకటి గదిలో టార్చిలైటుపై అరచేతిని మూసి చూడండి. వేళ్లు ఎర్రగా వెలుగుతాయి. తెల్లని కాంతిలోని నీలం, ఆకుపచ్చ వన్నెలను రక్తంలోని హీమోగ్లోబిన్ పీల్చుకొనగా, ఎరుపు మిగిలి ఇవతలకు వస్తుంది. ఎరుపునకు ఆవల, కంటికి కనబడని సమీప పరారుణ కాంతి మరింత లోతుకు పోతుంది. ఈ కాంతి సహాయంతో మెదడులోని ఆక్సిజన్ స్థితిని తల వెలుపలి నుండే గమనించవచ్చునని 1977లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన యోబ్సిస్ అనే శాస్త్రజ్ఞుడు చూపారు. కాని చర్మం, పుర్రె కలిసి ఈ కాంతిలో అధిక భాగాన్ని చెదరగొట్టి పీల్చివేస్తాయి. మెదడు పైపొరకు చేరేది కొద్ది శాతం మాత్రమే.

చేరిన ఆ కొద్ది కాంతి చేసే పని ఏమిటి? శరీరపు బరువులో మెదడు రెండు శాతమే అయినా, విశ్రాంతి సమయంలో మనం వ్యయం చేసే శక్తిలో సుమారు 20 శాతం దానికే పోతుంది. కణాలకు ఆ శక్తిని అందించే అణువు ఏటీపీ. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1929లో లోకానికి వెల్లడించిన అణువు ఇదే. అదే సంవత్సరంలో జర్మనీకి చెందిన లోమన్ కూడా దీనిని విడిగా కనుగొన్నారు.

ఏటీపీ అధికభాగం మైటోకాండ్రియాలలో తయారవుతుంది. మనం పీల్చిన ఆక్సిజన్‌ను అక్కడ చివరిగా అందుకొనే ఎంజైము సైటోక్రోమ్ ఆక్సిడేజ్. తనలోని రాగి, ఇనుము పరమాణువుల మూలంగా ఈ ఎంజైము ఎరుపు, సమీప పరారుణ కాంతులను కొంతవరకు పీల్చుకొంటుంది. ఆక్సిజన్ చేరవలసిన చోట నైట్రిక్ ఆక్సైడు చేరి పనిని మందగింపజేస్తుందనీ, కాంతి దానిని విడిపించడం వలన ఏటీపీ ఉత్పత్తి పెరుగుతుందనీ ఒక సిద్ధాంతం. రసాయన శాస్త్ర దృష్టితో ఇది అసంభవం కాదు. అయితే సజీవ మానవ మెదడులో జరుగుతున్నది ఇదేనని నిర్ధారణ కాలేదు.

ఇక ప్రయోగాల విషయం. 2013లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బారెట్, గొంజాలెజ్-లిమా 40 మంది ఆరోగ్యవంతులపై జరిపిన పరీక్ష ఫలితాలను ప్రకటించారు. నుదుటి కుడివైపున రెండు చోట్ల 1064 నానోమీటర్ల లేజర్ కాంతిని చోటుకు 4 నిమిషాల చొప్పున ప్రసరింపజేశారు. చదరపు సెంటీమీటరుకు 250 మిల్లీవాట్లను 240 సెకన్లతో గుణిస్తే మోతాదు 60 జౌళ్లవుతుంది. తెరపై గుర్తు కనబడగానే మీట నొక్కే పరీక్షలో, నామమాత్రపు కాంతి పొందినవారి కంటే నిజమైన మోతాదు పొందినవారు త్వరగా స్పందించారు.

ఇది ఉత్సాహకరమైన ఫలితమే. కాని పాల్గొన్నవారు కొద్దిమంది, పైగా అవధాన లోపం లేనివారు. మీట త్వరగా నొక్కడం వేరు, కార్యాలయంలో గంటల తరబడి మనస్సు నిలపడం వేరు. అంగడిలో దొరికే టోపీ తరంగదైర్ఘ్యం, మోతాదు ఆ ప్రయోగానికి సరిపోతాయన్న హామీ కూడా లేదు. మోతాదు పెంచితే మేలు పెరుగుతుందని భావించరాదు. కణాలపై జరిగిన అనేక పరిశోధనలలో అధిక కాంతి ఫలితాన్ని తగ్గించింది.

చిన్న ప్రయోగాలను చూసి తొందరపడరాదనడానికి పక్షవాత చికిత్సే తార్కాణం. మెదడుకు రక్తప్రసారం ఆగిన 24 గంటలలోపు 808 నానోమీటర్ల కాంతిని తలపై ప్రసరింపజేసి చూశారు. 120 మందితో జరిపి 2007లో ప్రకటించిన తొలి ప్రయోగం ఆశ కలిగించింది. 660 మందితో జరిగిన రెండవ ప్రయోగం, 2009లో, నిశ్చయంగా మేలు చూపలేకపోయింది. 1000 మందితో తలపెట్టిన మూడవదానిని, ప్రయోజనం కనబడనందున నడుమనే ఆపివేశారు. దాని ఫలితాలు 2014లో వెలువడ్డాయి. కాంతి ప్రమాదకరమని తేలినందున కాదు, ఉపయోగపడలేదు కనుకనే ఆపారు.

కనుక మిత్రునికి నేను చెప్పినది ఇంతే. వైద్యుని సలహా లేకుండా మందులు మానవద్దు. నిద్ర చాలకపోవడం, నిద్రలో శ్వాస ఆగడం, థైరాయిడ్ లోపం, మనోవ్యాకులత కూడా అవధానాన్ని చెదరగొడతాయి; ముందుగా వాటిని పరీక్షింపజేసుకోవాలి. లేజర్ పరికరాలను ఇంట్లో ప్రయోగించరాదు. పరారుణ కిరణాలు కంటికి కనబడవు కనుక రెప్ప తనంతట తాను మూసుకోదు, ఈలోగా కంటిపొర దెబ్బతినవచ్చు. అంతగా ఆసక్తి ఉంటే, విశ్వవిద్యాలయాల పర్యవేక్షణలో జరిగే ప్రయోగాలలో స్వచ్ఛందంగా పాల్గొనవచ్చు.

మిత్రుడు టోపీ కొనడం మానుకోలేదు కాని వాయిదా వేసుకొన్నారు. మందులు మాత్రం కొనసాగిస్తున్నారు. ప్రస్తుతానికి నేను కోరినదీ అదే.